పదకొండు వందల నలభై మూడో పేజీ

రిచ్‌మండ్ అప్పీళ్ల కోర్టులో
నా ఉద్యోగం మూడు దీపాలు.
ఆకుపచ్చ వెలిగిస్తే మాట్లాడాలి.
పసుపు వెలిగితే ముగింపు వెతుక్కోవాలి.
ఎరుపు పడ్డాక ఎంతటి వకీలైనా
సగం మాట నోట్లో పెట్టుకుని కూర్చోవాలి.
ముప్పై ఒక్క ఏళ్లు, ఈ బొత్తాల మీదే
బొటనవేలు అరిగింది.

ఆర్డెత్ కాంప్టన్‌ని మొదటిసారి చూసినప్పుడు
ఆమె కరెంటు కంపెనీ వైపు.
బొగ్గు గనుల జిల్లా పిల్ల,
మాట చివర ఇంకా కొండ యాస.
కాగితం ముట్టుకోలేదు.
ఏం అడిగినా ముందు పేజీ నంబరు,
ఆ తర్వాతే జవాబు.
"వెలుగు అందరిదైనప్పుడు
దారి ఒక్కరిది కాజాలదు" అంది ఆ రోజు.
న్యాయమూర్తులు ఆ వాక్యాన్ని
తీసినట్టే తీసి తీర్పులో పెట్టుకున్నారు.

అప్పీలంటే ఏమిటో బయటివాళ్లకి చెప్పలేను.
సాక్షులుండరు. బోనుండదు.
కింది కోర్టులో ఎవరో భోరుమని ఉంటారు.
ఇక్కడికొచ్చేసరికి అది
"సాక్షి కొద్దిసేపు ఆగెను"
అన్న మూడు ముక్కలు.
ఆ మూడు ముక్కల మీద ఆమె బతికింది.

ఒక బుడగ గ్యాసు
ఏ గీత దాటితే రాష్ట్రానిది, ఏ గీత దాటితే కేంద్రానిది
అని రెండేళ్లు వాదించింది, గెలిచింది.
ఆ గ్యాసు అప్పటికే
ఎవరి పొయ్యి మీదో, ఎవరి గుడ్లు ఉడకేసి
గాల్లో కలిసిపోయింది.

వాదనకి ముందు వరండా బల్ల మీద
ఉప్పు బిస్కెట్లు తింటూ కూర్చునేది, అదే బూడిదరంగు కోటు.
పదమూడు వేల మాటలు మించరాదని నిబంధన.
"ముందు విశేషణాలు పోతాయి, డెల్మర్,
తర్వాత కోపం పోతుంది.
మిగిలిందే వాదన."

కంపెనీని ఎందుకు వదిలిందో నాకు తెలీదు.
ఒక అక్టోబరులో వచ్చి
అవతలి బల్ల దగ్గర కూర్చుంది, అంతే.
కక్షిదారు లోవెల్ స్ట్రిక్లర్ వెనక వరసలో,
ఇస్త్రీ చొక్కా, మోకాలి మీద టోపీ.
అతని కొండ వాలులో ఒక ఊట.
దాని పైనుంచే గ్యాసు పైపు పోవాలి.
అనుబంధం, పదకొండు వందల నలభై మూడో పేజీ,
నలుపూ తెలుపూ ఫోటో.

మధ్య కుర్చీలోని న్యాయమూర్తి కళ్లద్దాలు దించి
ఒక వాక్యం చదివింది.
"వెలుగు అందరిదైనప్పుడు..."
"ఇది మీకు పరిచయమేనా, కౌన్సెల్?"

"పరిచయమే, యువరానర్. నేనే రాశాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.
ఆమె నవ్వలేదు.
"ఇరవై రెండేళ్లయింది. తప్పు రాశానని అనను.
అది తీగల గురించి.
తీగ పైనుంచి పోతుంది, యువరానర్.
కింద ఏముందో నేనప్పుడు అడగలేదు,
నన్నూ ఎవరూ అడగలేదు."

అప్పుడు పసుపు వేయాలి.
నాలుగు సెకన్లు ఆలస్యంగా వేశాను.
నా సర్వీసు మొత్తానికి నేరం అదొక్కటి,
దానిపై అప్పీలు లేదు.

ఎరుపు పడింది.
"నీళ్లు" అన్న మాట దగ్గర ఆగిపోయింది.
పూర్తి చేయమన్నారు.
"అయిపోయిందండీ" అంది.
ఇక్కడి ఆచారం ప్రకారం ముగ్గురూ పీఠం దిగొచ్చి
వకీళ్లతో చేతులు కలిపారు.
స్ట్రిక్లర్ లేచి నిలబడ్డాడు,
తనదాకా వస్తారేమోనని.

నాలుగు నెలలకి తీర్పు. ఇద్దరికి ఒకరు.
ఆమె వాక్యం అందులో రెండు చోట్ల,
పక్కనే సంవత్సరం.
ఓడినవైపు న్యాయమూర్తి ఆ పేజీ నంబరుని
ఒక ఫుట్‌నోటులో వదిలాడు.

వసంతంలో ఒకసారి వచ్చింది,
పాత పెట్టెలు తీసుకెళ్లడానికి.
"ఊట చూసొచ్చాను" అంది.
"ఫోటోలో కంటే చిన్నది.
పైపు పూడ్చేశారు, పైన గడ్డి కూడా చల్లారు.
స్ట్రిక్లర్ డబ్బా మూతతో తోడిచ్చాడు.
ఇంకా వస్తున్నాయి, కొంచెం మట్టిగా."

పెట్టె చంకలో సర్దుకుంది.

"పళ్లు జివ్వుమన్నాయి, డెల్మర్.
రికార్డంతా వెతికాను.
ఆ నీళ్లు చల్లగా ఉంటాయని
ఎక్కడా లేదు."